అడవి యంచున వింతపూదోట

పట్టణములలోని మొక్కల యంగళ్ళను చూచి వచ్చినవారు పలువురు తమ పెరటియందును అట్టి వింతయాకులు, విదేశపు సొగసు నుండవలెనని కోరుచుందురు. కోరిక తప్పు గాదు. కాని ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల మన సీమలో మే మాసమున ఎండ 45 డిగ్రీలను దాటు దినములు కలవు. సుకుమారమైన మొక్క ఆ యెండకు నిలువదు. దానిని నిలుపుటకై ప్రతి సాయంకాలము బిందెలు మోయవలసినది ఎవరు? ఇల్లాలే గదా! త్రాగు నీటికే వెదకులాడు దినములలో పూలమొక్కకు నీ రెక్కడిది?

వింతసొగసు కొరకు దూరము పోనక్కరలేదు. చాగను చూడుడు. కత్తివలె నిటారుగ లేచిన యాకులు, వానిపై ముదురుపచ్చని చారలు. దీని నారను పూర్వము వింటినారికి వాడెడివారు. పట్టణములలో తొట్టెలయందు అమ్ముడుపోవు పసుపుటంచు మొక్క ఆఫ్రికాయందలి దీని దాయాదియే. చాగ, కలబంద మొదలగునవి పగటివేళ ఆకులలోని సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన పిమ్మట తెరచును. అందుచేత వానియందలి నీరు ఎండకు హరించిపోదు.

వెనుక మూలను ఒక కొండగోగును నాటుడు. వేసవి యారంభమున, ఆకొక్కటియు లేని కొమ్మల కొనలను పెద్ద పసుపుపూలు విచ్చును. చూచినవారు ఇది ఏ దేశపు చెట్టని యడుగుదురు. ముందువైపున తంగేడు చాలును. బతుకమ్మకు పూలు దొరకును. 2014 తరువాత నిది తెలంగాణ రాష్ట్రపుష్పము గూడ. తొలకరికి గింజలు చల్లిన మొలచును.

అన్నిటికంటె వింతయైనది అడవినాభి. ఆకుకొనయే నులితీగయై కంచెను పట్టుకొని ప్రాకును. వానకాలమున పూచు దాని రేకులు మంటవలె పైకి లేచి, పసుపునుండి యెరుపునకు మారును. జింబాబ్వే దేశమునకిది జాతీయపుష్పము. మనకు కంచెమీది పిచ్చితీగ! అయితే దీని దుంప ఘోరమైన విషము. తినుదుంపయని భ్రమించి తిని మరణించినవారు కలరు. చిన్నపిల్లలున్న యింట దీనిని నాటవద్దు. పచ్చగన్నేరు గింజల సంగతియు నంతియే.

ఇక నా యనుభవ మొకటి. మొదటి యేట నా కలబందలు ఎండకు చావలేదు. శ్రావణమున కుళ్ళి చచ్చినవి. ఎండ కోర్చు మొక్క నిలువనీటి కోర్వదు. మరుసటి యేట జానెడెత్తు దిబ్బ వేసి, ఎఱ్ఱమట్టిలో సగము గులకరాళ్ళును ఇసుకయు కలిపి నాటితిని. ఎరువు దాదాపు వేయలేదు. వేరూనువరకు మొదటి వేసవిలో వారమున కొకమారు నీరు పోసితిని. తరువాత చెంబెడు నీరైన నడుగలేదు. మొక్కకు మొక్కకు నడుమ బండరాళ్ళుంచి, నేలను కొంత ఖాళీగ విడువుడు. ఒత్తుగ నాటిన పొదయగును గాని తోట గాదు. పచ్చిక జోలికి మాత్రము పోకుడు; అది మన నీటిని త్రాగు దొర.

తలంబ్రాల పూలు ముచ్చటగ నుండును గాని, అమెరికానుండి వచ్చిన యా లాంటానా మన యడవుల నాక్రమించినది. మేసిన పశువులకును విషము. పెరటిలోనికి రానీయకుడు.

మొక్కల కొరకు అడవిని త్రవ్వవలదు. పాల్వంచ చెంతనున్న కిన్నెరసాని యభయారణ్యమునుండి అనుమతి లేక మొక్కను పెకలించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పొరుగువారి నడిగి కంచెనుండి ఒక పిలకయో, కొన్ని గింజలో తెచ్చుకొనుడు. సంతకు వచ్చు కోయ యక్కలు ఏ మొక్క ఏ నేలను నిలుచునో మనకంటె బాగుగ చెప్పగలరు.

పెద్దపిల్లలే యున్న యింట నాభిని నాటినవారు దానిచోట ఒక గుర్తురాయి పాతవలెను. చలికాలమునకు తీగ యెండిపోయి, దుంప వేసవి యంతయు మట్టిలో నిద్రించును. ఎరుగక గునపము వేసిన, విషపుదుంప పైకి వచ్చి పెరటిలో దొర్లును.