ఇంజనుకు నూనె కారుచున్నప్పుడు

మహేంద్రతనయ యొడ్డున నున్న మా పాతపట్నమునకు ఇంజనుల చప్పుడు క్రొత్తది కాదు. 1900 లో నౌపడనుండి పర్లాకిమిడికి సన్నపట్టాల రైలు వచ్చినది మొదలు, 2004 లో ఆ దారిని వెడల్పు చేయుటకై మూయువరకును, మొదట పొగబండియు, పిదప డీజిలుబండియు ఈ యూరిమీదుగనే సాగినవి. నేడు ఆ చప్పుడు పొలములలోను వినవచ్చుచున్నది. గెడ్డనుండి నీరు తోడు ఆయిలింజనులు, దమ్ముచేయు పవరుటిల్లరులు, నూర్పిడి యంత్రములు పెక్కు సంసారములకు ఆధారములై యున్నవి. మగవారు హైదరాబాదు, చెన్నపట్టణము మొదలగు చోట్లకు పనులకై వలసపోగా, ఎన్నియో యిండ్లలో ఈ యంత్రముల మంచిచెడ్డలు చూచుకొనువారు స్త్రీలే. అట్టి సోదరీమణుల యుపయోగార్థము ఈ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

ఇంజను మూతల సందులనుండి నూనె ఊరుచుండగా "జిడ్డే గదా" యని ఊరకుండుట పలువురకు వాడుక. కాని యా నూనె లోపలి భాగములు ఒరసికొనకుండ కాపాడుటయే గాక, పిస్టను దగ్గరి వేడిమిని కొంత మోసికొని పోవుచుండును. అది మిక్కిలి తగ్గినచో ఇనుము ఇనుముతో రాపాడి ఇంజను బిగుసుకొని పోవును. వరి పొట్టకు వచ్చిన దినములలో ఇట్లు జరిగెనేని, మరమ్మతు సొమ్ము ఒక యెత్తు, తాలుపోయిన పంట యొక యెత్తు.

రెండు లోహపు ముఖములను ఎంత నునుపు చేసినను వాని నడుమ కంటికి కానరాని సందులుండును. వానిని పూడ్చుటకై కార్కు, రబ్బరు, మందపు కాగితము మొదలగువానితో చేసిన పలుచని బద్దను నడుమ నుంచి బోల్టులతో బిగింతురు. మేస్త్రీలు దీనిని ప్యాకింగనియు, గాస్కెట్టనియు అందురు. మన కుక్కరు మూతలోని రబ్బరు వలయము ఎట్టిదో ఇదియు అట్టిదే. వేడికి నాని నాని, కొన్నాళ్లకు గట్టిపడి పగులును.

అయినను నూనె కారినంతనే ప్యాకింగు మార్చవలెననుట తొందరపాటు. వైద్యులకు నిదానము ముందు, చికిత్స వెనుక. ఇంజను చల్లగా నున్నప్పుడు కిరసనాయిలు తడిపిన గుడ్డతో జిడ్డంతయు తుడిచి, ఆరిన పిమ్మట ముఖమునకు పూసికొను పౌడరును మూతల అంచులవెంట పలుచగా చల్లవలెను. ముగ్గుపిండి మాత్రము వాడరాదు. అది రాతిపొడి, లోనికి పోయినచో యంత్రమును అరగదీయును. పిదప ఇంజనును పది నిమిషములు నడపి, ఆపి, చూడవలెను. నూనె క్రిందికి జారును, గాలికి వెనుకకు కొట్టుకొనిపోవును. కావున అడుగున ఎక్కువగా తడిసిన చోటు దోషి కాదు. తెల్లని పొడిపై అన్నిటికంటె ఎత్తున మొదటి తడి యెచ్చట కన్పట్టునో అచ్చటనే దోషమున్నది. ఇంజను తిరుగుచున్నంతసేపు కొంగు నడుమున దోపి, జడ ముడిచి, చక్రమునకును బెల్టుకును దూరముగా నుండవలెను. ఈ మాటను తేలికగా తీసికొనవలదు.

మా పొరుగింటి రైతుకుటుంబమువారు ఒక వర్షకాలమున రాకరుమూత ప్యాకింగును ముమ్మారు మార్చిరి. ముమ్మారును నూనె కారెను. నాలవమారు వచ్చిన ముసలి మేస్త్రీ మూతను ముట్టనైన ముట్టక, బ్రీదరు గొట్టము నూడదీసి చూపెను. దానిలో కందిరీగ మట్టిగూడు కట్టియున్నది! పిస్టను ప్రక్కలనుండి కొంత వాయువు ఎల్లప్పుడు ఇంజను కడుపులోనికి దిగుచుండును. అది బయటికి పోవు మార్గమే బ్రీదరు. ఆ మార్గము మూసికొన్నచో లోపలి ఒత్తిడి హెచ్చి, బలహీనమైన సందు ఎక్కడ దొరకిన నక్కడ నూనెను బయటికి త్రోయును. ఇట్టిచోట క్రొత్త ప్యాకింగు ఏమి చేయగలదు? నూనెను కొలపుల్ల మీది పైగీతకు మించి పోసినను ఇట్టి చిక్కే రావచ్చును. ఇంజనును సమతలమున నిలిపి, ఆపిన కొంతసేపటికి కొలిచి, రెండు గీతల నడుమ నుండునట్లు చూచుకొనవలెను.

ఇక బిగించుట. కారిన చోటనెల్ల పానాపట్టి బలముకొలది త్రిప్పుట మగవారికి గొప్ప సరదా. (మా యింటి పంతులుగారికి సుద్దముక్క తప్ప పానా తెలియదు గనుక ధైర్యముగా వ్రాయుచున్నాము.) రేకుమూతను మితిమీరి బిగించినచో బోల్టు రంధ్రముచుట్టు రేకు లోనికి గుంటపడును, రెండు బోల్టుల నడుమ అంచు పైకి లేచును, కార్కు చిట్లును. ఎంత బిగించిన అంత కారును. మూతను ఊడదీసినప్పుడు ఆ గుంటలను చదునైన చెక్కపై నుంచి, చిన్న సుత్తితో మెల్లగా సరిచేయవలెను. మరల బిగించునప్పుడు ఒక బోల్టును ఒకేమారు పూర్తిగా బిగింపక, ఎదురెదురు బోల్టులను కొంచెము కొంచెముగా, రెండు మూడు విడతలలో బిగించుట మేలు.

పాత ప్యాకింగు ముక్కలను కత్తితో గీకినచో అల్యూమినియము ముఖము గాట్లుపడును, చెక్కబద్దయే చాలును. కాని పాత యింజనుల ప్యాకింగులలో రాతినార యుండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. అది యేదో తెలియనప్పుడు పొడిగా గీకవలదు, ఊదవలదు, పిల్లలను దరికి రానీయవలదు. అతికించు పేస్టును దట్టముగా పూసినచో, లోనికి ఉబికిన ముద్దలు తెగి నూనెదారులకు అడ్డుపడును. పలుచని పూత చాలును. కొన్నింటికి అదియు అక్కరలేదు.

ఇంజనునూనె మజ్జిగవలె తెల్లబారినచో అందు నీరు కలిసినదని గుర్తు. నీటితో చల్లబరచు ఇంజనులో తలప్యాకింగు చెడుటయు దీనికి ఒక కారణము. ఇది యింటిపని కాదు. ఇంజనును నడపక మేస్త్రీని పిలిపింపవలెను.

వాడిన ఇంజనునూనె పలుమారులు చర్మమునకు తగులుచుండుట క్యాన్సరునకు దారితీయగలదు. కావున పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. జిడ్డుగుడ్డలను పొయ్యిదాపున ఉంచరాదు. తీసిన నూనెను గెడ్డలో పోయక డబ్బాలో పట్టి మూతపెట్టి, పాతనూనె కొనువారికి ఇయ్యవలెను.