టైరు మాట, దేశము బాట

మోటారు కారు మరమ్మతు మాటలను ఇంగ్లీషు నుండి స్పానిష్ భాషలోనికి మార్చుట నిఘంటువుతో తీరు పనియే యని తోచును. ‘నూనె మార్చుము’ వంటి వానికి చిక్కు లేదు. జాకీని ‘గాతో’ అందురు. పిల్లికిని అదే పేరు. ఆ సంగతి సందర్భమే తేల్చును.

టైరు విషయము అట్టిది కాదు. మెక్సికోలో ‘యాంతా’ అనగా టైరు. స్పెయిన్‌లో అదే మాటకు చక్రపు రిమ్ము అని అర్థము. అచ్చట టైరును ‘నెవుమాతికో’ అందురు. మెక్సికో వారికై వ్రాసిన ‘యాంతాలను పరీక్షింపుడు’ అను సూచనను చదివిన స్పెయిన్ డ్రైవరు, రిమ్ములను చూచి తృప్తిపడి, అరిగిన టైర్లతోనే వానలో బయలుదేరవచ్చును.

కావున అనువాదకుడు నిఘంటువు తెరచుటకు ముందే ‘ఇది ఏ దేశపు డ్రైవరు కొరకు?’ అని అడుగవలెనని మా మనవి.