పడకా విడిగానే, కరెంటూ విడిగానే

ఢిల్లీ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్ల నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో లద్దాఖ్ బయలుదేరేవారు దాన్నే పడకగదిగా మార్చుకోవాలంటే ఒకటే సూత్రం: కొత్తగా చేర్చేదేదైనా విడిగా ఉండాలి.

పడక విషయంలో చిక్కు చట్టంతో. తయారీదారు ఇచ్చిన, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. అందుకే సీట్లు పీకేయకుండా మడిచి, పైన తీసిపెట్టుకునే ప్లైవుడ్ పలక వేసుకోవడమే మేలు.

కరెంటు విషయంలో చిక్కు చలితో. ఇంజిన్ బ్యాటరీతోనే రాత్రంతా ఫ్రిజ్, లైట్లు నడిపితే తెల్లారేసరికి బండి మొరాయిస్తుంది. గడ్డకట్టే చలిలో బ్యాటరీ సత్తువ ఎలాగూ తగ్గుతుంది. రెండో బ్యాటరీ, మధ్యలో ఐసొలేటర్ తప్పనిసరి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే, అంటే 600 వాట్ అవర్లే వాడుకోవాలి. 40 వాట్ల ఫ్రిజ్ ఆగకుండా నడిచినా 15 గంటలు సరిపోతుంది. ఇంజిన్ బ్యాటరీ మాత్రం పదిలం.