‘లేర్’ అనగా గుహయేనా?

అడవిమృగము వసించు చోటునకు ఆంగ్లమున ‘లేర్’ అను మాట కలదు. దీనిని తెనిగించువారు తరచుగా ‘గుహ’ యని సరిపెట్టుదురు. అది తప్పు కాదు గాని చాలదు. ప్రాచీనాంగ్లమున దీని మూలరూపము ‘లెగెర్’. పడక, పరుండు చోటు అని అర్థము. అనగా ఈ మాటలో రాయియు లేదు, చీకటియు లేదు. మేను వాల్చుట మాత్రమే యున్నది. స్కాట్లండులో శ్మశానమునందు ఒకరికి కేటాయించిన నేలను సైతము ‘లేర్’ అందురు.

మన భాష ఈ విషయమున బీదది కాదు. ఎలుకకు కలుగు, నక్కకు బొరియ, చిలుకకు తొర్ర, తేనెటీగలకు పట్టు. పాముకు పుట్ట యందుము గాని, కట్టినవి చెదలు! త్రవ్విన బొరియను ఆంగ్లేయులు ‘బరో’ అందురు. ‘లేర్’ త్రవ్వినదే కానక్కరలేదు. దీనికి ‘నెలవు’ అను మాట దగ్గరగా నున్నదని మా అభిప్రాయము. దొంగల విషయమున వాడినప్పుడు ‘స్థావరము’ అనవలెను. గుహ యన్నచో ఆలీబాబా కథ యగును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి గుట్టలు క్రొత్త కాదు. సిరిసిల్ల నేతగాండ్రెరిగిన మగ్గపు గుంట వంటిది కాదు ఎలుగుబంటి నెలవు. గుంటలో కాళ్లుంచి పని చేయుదురు, నెలవులో పని మాని పరుందురు. ఒకదానిపై నొకటి ఒరిగిన బండల సందు ఎలుగునకు చాలును. పగలెల్ల అందు పడియుండి, ప్రొద్దు గ్రుంకిన పిదప వెలువడి చెదపుట్టలను పెల్లగించును. చీమలను, పండ్లను, తేనెను తినును.

ఇచట మాటకు వెల యేర్పడుచున్నది. పాత కరీంనగరు జిల్లా, అనగా 2016లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా కొంత విడివడిన ప్రాంతము, గ్రానైటు రాతికి పేరొందినది. గుట్టను కొలువబోయినవారు గుహకొరకే వెదకినచో “ఇచట గుహ లేదు, మృగమును లేదు” అనుకొందురు. బండలు తరలిన పిమ్మట ఎలుగు పొలములలో కనబడినచో “ఊరిమీదికి వచ్చినది” అందుము. దాని పడక పోయినదని తలపము.

చలికాలమున ఈ నెలవు మరింత ముఖ్యము. ఆడ ఎలుగు సాధారణముగా ఆ దినములలోనే ఈనును; పిల్లలు రెండు మూడు నెలలు ఆ సందులోనే పెరిగి, తరువాత తల్లి వీపు నెక్కి బయటికి వచ్చును.