‘శాంక్షన్’: అనుమతికీ అదే మాట, ఆంక్షకూ అదే మాట

వైశాలి (ఘాజియాబాద్): ఢిల్లీని ఆనుకొని ఉన్న వైశాలి, నోయిడా ప్రాంతాల్లో ఫ్లాటు కొనేవారి పత్రాల్లో పదే పదే కనిపించే ఆంగ్ల పదం ‘శాంక్షన్’. బ్యాంకు రుణానికీ, భవన నిర్మాణ ప్లానుకూ ఇది అనుమతి. అంతర్జాతీయ వార్తల్లో మాత్రం ఇదే పదం ఒక దేశంపై విధించే శిక్ష. పరస్పర విరుద్ధమైన ఈ రెండు అర్థాలు ఒకే మాటలో ఎలా ఇమిడాయి?

ఉల్లంఘించరానిదిగా శాసించడం అనే అర్థమున్న లాటిన్ క్రియ ఈ పదానికి మూలం. శాసనం ఒక పనికి అధికార ముద్ర వేస్తుంది. దాన్ని మీరినవారికి దండన విధిస్తుంది. తెలుగులో వాడే ‘శాసనం’, ‘శాస్తి’ కూడా ఒకే సంస్కృత ధాతువు నుంచి పుట్టినవే.

వాక్యంలో ఏ అర్థం వర్తిస్తుందో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. నిధులు, పోస్టులు, ప్లాన్ల విషయంలో అది సాధారణంగా మంజూరు. దేశం, సంస్థ, వ్యక్తిపై ప్రయోగిస్తే ఆంక్ష. 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షల అనంతరం భారత్‌పై అమెరికా ప్రకటించినవి ఆంక్షలు. అవినీతి నిరోధక చట్టం, 1988లోని 19వ సెక్షన్ ప్రభుత్వ ఉద్యోగి ప్రాసిక్యూషన్‌కు ముందుగా ఉండాలని చెప్పే ‘శాంక్షన్’ మాత్రం అనుమతి. అక్కడ ‘ఆంక్ష’ అని అనువదిస్తే వార్త తలకిందులవుతుంది.

అనుమతి అనే అర్థంలోనూ మెలకువ అవసరం. రుణం మంజూరైందంటే సొమ్ము చేతికి వచ్చినట్లు కాదు. ఆస్తి పత్రాల పరిశీలన, ఇతర షరతులు పూర్తయ్యాకే బ్యాంకు దాన్ని విడుదల చేస్తుంది. ఆమోదం పొందిన ప్లాన్ల ప్రకారమే నిర్మాణం సాగాలని స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), 2016లోని 14వ సెక్షన్ నిర్దేశిస్తుంది. ప్రాజెక్టు ప్లానులో చేసే ప్రధాన మార్పులకు కనీసం మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారుల లిఖితపూర్వక సమ్మతి ఉండాలి.

అధికారులు ఇచ్చినంత మాత్రాన ప్రతి అనుమతీ చెల్లదు. నోయిడా సెక్టార్ 93ఏలోని జంట టవర్లకు స్థానిక ప్రాధికార సంస్థ ఆమోదం ఉంది. భవనాల మధ్య ఉండవలసిన కనీస దూరం నిబంధనకు ఆ ఆమోదమే విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చి, కూల్చివేతకు 2021 ఆగస్టు 31న ఆదేశించింది. 2022 ఆగస్టు 28న ఆ టవర్లు నేలమట్టమయ్యాయి. పత్రంపై ‘శాంక్షన్’ అనే మాట కనిపించినప్పుడు దేనికి, ఎవరు, ఏ నిబంధన ప్రకారం ఇచ్చారో చూసుకోవడం కొనుగోలుదారుకు తప్పనిసరి.