బోల్టు తల మీది అంకెలు చదువుతున్నారా?

మీకు తెలుసా? బోల్టు తల మీద 8.8 అని ఉంటే అది సైజు కాదు, బలం. చుక్కకు ముందున్న అంకెను వందతో హెచ్చవేస్తే ఆ ఉక్కు తెగే బలం వస్తుంది: చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు. చుక్క తర్వాతి అంకె, ఆ బలంలో ఎన్ని పదోవంతుల దాకా లాగినా బోల్టు మళ్లీ మామూలు పొడవుకు వస్తుందో చెబుతుంది. 8.8కి అది పదింట ఎనిమిది వంతులు, అంటే 640. అది దాటితే సాగింది సాగినట్టే ఉండిపోతుంది.

లెక్క కట్టి చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. 10 మిల్లీమీటర్ల బోల్టు 4.6 రకమైతే సుమారు 2.4 టన్నుల బరువుకు తెగుతుంది. అదే కొలతలో 8.8 అయితే 4.7 టన్నులు ఆపుతుంది. 12.9 అయితే ఏడు టన్నులు దాటుతుంది. మర అదే, లావు అదే, ఏ నట్టయినా పడుతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఐదు మిల్లీమీటర్లు, అంతకు మించిన ఆరు పలకల బోల్టు మీద ఈ అంకెతో పాటు తయారీదారు గుర్తు కూడా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. మన దేశంలో దీనికి ఐఎస్ 1367 ఉంది. ఏ గుర్తూ లేని బోల్టును గేటుకో షెడ్డుకో వాడుకోండి. బ్రేకు, స్టీరింగుల దగ్గరికి మాత్రం రానివ్వకండి.

అమెరికన్ బోల్టుల మీద అంకెలుండవు, గీతలుంటాయి. మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. గీతలకు రెండు కలిపితే గ్రేడు వచ్చేస్తుంది. గ్రేడ్ 5 దాదాపు మన 8.8కి, గ్రేడ్ 8 మన 10.9కి సాటి.

స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టే అన్నిటికంటే గట్టిదని చాలామంది నమ్ముతారు. ఖరీదెక్కువ కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ షాపుల్లో ఎక్కువగా దొరికే ఎ2-70 రకం తెగే బలం 700, సాగిపోయే హద్దు 450. మామూలు 8.8 కంటే తక్కువే! దాని గొప్పతనం తుప్పును ఆపడంలో ఉంది. అదీ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే చోట ఎ2 చాలదు, మాలిబ్డినం కలిసిన ఎ4 కావాలి.

మెకానిక్ అడిగే ‘పది నంబర్ బోల్టు’ నిజానికి ఆరు మిల్లీమీటర్ల బోల్టు. పది అన్నది దానికి పట్టే పానా సైజు. పన్నెండు, పదమూడు నంబర్ల పానాలు పట్టేది ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు. షాపులో కొనేటప్పుడు ఏ కొలత చెబుతున్నారో తేల్చుకోండి.

కంటితో పోల్చి బోల్టు ఎంచుకుంటే ఏమవుతుందో 1990 జూన్ 10న బ్రిటన్ ఆకాశంలో తేలింది. బర్మింగ్‌హామ్ నుంచి మలాగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం 17 వేల అడుగుల ఎత్తున ఉండగా కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుము దాకా బయటికి లాగబడ్డారు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉండగా కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దింపారు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు. అంతకు ముందు రోజే అద్దం మార్చి 90 బోల్టులు బిగించారు. పాత బోల్టును చేత్తో పట్టుకుని కొత్తవాటితో పోల్చి తెచ్చినవి అవి. వాటిలో 84 బోల్టుల లావు 0.66 మిల్లీమీటర్లు తక్కువ. మిగతా ఆరు లావుకు సరిపోయినా పొడవు చాలలేదు. సన్నవాటి మర చుట్లు కూడా సరైన బోల్టు లాగే అంగుళానికి 32. అందుకే నట్టులో తిరిగాయి, బిగిసినట్టే అనిపించాయి. వెర్నియర్ కాలిపర్‌తో ఒక్కసారి కొలిస్తే బయటపడేది. అంత చిన్న తేడా 87 మంది ప్రాణాల మీదికి వచ్చిందంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

బిగించిన బోల్టు రబ్బరు బ్యాండులా కాస్త సాగి ఉంటుంది. రెండు భాగాలను అదిమి పట్టేది ఆ లాగుడే. పానా మీద మనం పెట్టే బలంలో దాదాపు పదో వంతే ఆ లాగుడుగా మారుతుంది, తక్కినదంతా రాపిడికి పోతుంది. కాబట్టి పొడి మరకు చెప్పిన టార్క్‌ను (తిప్పే బలాన్ని) నూనె రాసిన మరకు వాడితే బోల్టు అతిగా సాగిపోతుంది.

స్ప్రింగ్ వాషరు వేస్తే నట్టు వదులవదనుకుంటాం. పక్కవాటు అదురుడే నట్టును ఎక్కువగా వదులు చేస్తుందని జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో చూపించారు. ఆయన పేరుతో నిలిచిన పరీక్షలో మామూలు స్ప్రింగ్ వాషరు పెద్దగా ఆదుకోదు. లోపల నైలాన్ రింగున్న నట్టు మేలు, అయితే సుమారు 120 డిగ్రీల వేడి దాటేచోట అది పనికిరాదు.

వదులవడాన్ని ఆపే చిట్కా సైకిల్లోనూ ఉంది: ఎడమ పెడల్‌కు మర ఎదురుగా తిరుగుతుంది. తొక్కేకొద్దీ ఊడిపోకుండా ఈ ఏర్పాటు.

బలం పెరిగేకొద్దీ బోల్టుకు ఒక బలహీనత కూడా వస్తుంది. ఉక్కులోకి హైడ్రోజన్ చేరితే, బిగించిన కొన్ని గంటలకో రోజులకో ముందుగా ఏ సూచనా లేకుండా ఫట్‌మని విరుగుతుంది. 2013 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో - ఓక్లాండ్ బే వంతెన కొత్త భాగంలో 96 భారీ రాడ్లు బిగిస్తే, రోజుల్లోనే 32 విరిగాయి. అవి ఏళ్ల తరబడి నీళ్లు నిలిచిన గుంటల్లో ఉండిపోయాయి. జింక్ పూతకు ముందు చేసే యాసిడ్ కడుగుడు, ఎలక్ట్రోప్లేటింగ్ కూడా ఉక్కులోకి హైడ్రోజన్‌ను ఎక్కించగలవు. అందుకే తలలో ఆరు పలకల గుంట ఉండే 12.9 అలెన్ బోల్టులు ఎక్కువగా నల్లగా, నూనె జిడ్డుతో వస్తాయి. తుప్పు పడుతుందని వాటికి వీధి చివర షాపులో ప్లేటింగ్ చేయించకండి.