చుక్కతో మొదలయ్యే పంక్తి

యూనిక్స్ వంశానికి చెందిన కంప్యూటరులో 'మ్యాన్' అని టైపు చేసి, దాని పక్కన ఏదైనా ఆదేశం పేరు చేరిస్తే, ఆ ఆదేశాన్ని వాడే తీరు, దాని వివరణ, సంబంధించిన ఇతర ఆదేశాలు ఒక నిర్ణీత క్రమంలో తెరపైకి వస్తాయి. మాన్యువల్ పేజీ అనే ఈ పుట సాధారణంగా ప్రోగ్రాముతోపాటు ఆ యంత్రంలోనే ఉంటుంది కనుక, సింగరేణి గనుల నడుమ శ్రీరాంపూర్‌లో లినక్స్ నేర్చుకునే విద్యార్థికి ఇంటర్నెట్ లేని పూట కూడా అది అందుతుంది.

ఈ పుటను తీర్చే పద్ధతి యూనిక్స్ కంటే పాతది. 1964లో అమెరికాలోని ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన 'రనాఫ్' అనే ప్రోగ్రాములో, చుక్కతో మొదలయ్యే పంక్తి అచ్చు కావలసిన పాఠం కాదు; ఖాళీ విడవమనో, కొత్త పుట మొదలుపెట్టమనో యంత్రానికిచ్చే సూచన. దాని వారసురాలైన 'రాఫ్' బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మనుగడకే ఆధారమైంది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల బృందానికి పీడీపీ-11 యంత్రం కొనడానికి డబ్బు దొరికింది పత్రాలు తయారుచేసే వ్యవస్థను నిర్మిస్తామన్న ప్రతిపాదనతోనే; 1971లో పేటెంట్ విభాగపు టైపిస్టులు దరఖాస్తులను దానిపైనే సిద్ధం చేశారు.

అదే ఏడాది నవంబరు 3 తేదీతో వెలువడిన తొలి మాన్యువల్‌లోనే 'బగ్స్' అనే శీర్షిక ఉంది. ప్రోగ్రాములోని లోపాలను దాని కర్తలే అక్కడ రాసుకున్నారు. అచ్చులో ఒప్పుకోవడానికి మనసొప్పని లోపాలను ముందే సరిదిద్దడం వల్ల, ప్రతి కొత్త కూర్పుకు ముందు ప్రోగ్రాములు శుభ్రపడేవని బెల్ ల్యాబ్స్‌కే చెందిన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ చెప్పాడు. యూనిక్స్ నాణ్యతకు ఈ అలవాటు చేసిన మేలు ఏ సాంకేతిక ఉపాయానికీ తీసిపోదు.

ఆ తరువాత బెల్ ల్యాబ్స్‌లోనే జో ఒసానా టెర్మినల్ కోసం 'ఎన్‌రాఫ్'నూ, ఫొటో అచ్చు యంత్రం కోసం 1973లో 'ట్రాఫ్'నూ రూపొందించడంతో, ఒకే మూలపాఠం తెరకూ కాగితానికీ పనికొచ్చింది. 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులో, అనేక సూచనలను ఒక పొట్టిపేరు కింద కట్టిన మాక్రోలు మాన్యువల్ కోసమే వచ్చాయి: '.టీహెచ్' పుట పేరును, '.ఎస్‌హెచ్' శీర్షికను తెలుపుతాయి, '.బి' అక్షరాలను బొద్దుగా చేస్తుంది. అయితే బొద్దక్షరాలలో ఉన్నది ఆదేశమా, ఐచ్ఛికమా అన్నది '.బి' చెప్పలేదు. బర్క్‌లీలో సింథియా లివింగ్‌స్టన్ రూపొందించిన, 1990లో వెలువడిన 'ఎమ్‌డాక్' మాక్రోల సమితి ఆ కొరత తీర్చింది. అందులో రచయిత రూపాన్ని కాక అర్థాన్ని గుర్తిస్తాడు, రూపం సంగతి యంత్రం చూసుకుంటుంది. కొత్తగా పుట రాసేవారికి ఇదే మేలైన మార్గం. ట్రాఫ్‌కు జేమ్స్ క్లార్క్ రాసిన స్వేచ్ఛా రూపం 'గ్రాఫ్' నేడు లినక్స్‌లో ఈ పుటలను విస్తృతంగా తీరుస్తోంది.

తెలుగు పుటకు చోటు ఇప్పటికే ఉంది: 'మ్యాన్' ఒక్కొక్క భాషకు వేరే సంచయాన్ని వెతకగలదు, మూలపాఠాన్ని యూనికోడ్‌లో రాయవచ్చు. చిక్కంతా వెడల్పు లెక్కలో ఉంది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల కూర్పు. వాటిని కలిపి ఒత్తులు, గుడులు తీర్చే ఏర్పాటు గ్రాఫ్‌లో లేదు, సమాన గడులుగా తెరను పంచుకునే టెర్మినల్‌కు ఆ కలయిక ఎన్ని గడులు ఆక్రమిస్తుందో సరిగా తెలియదు. గ్రాఫ్ లెక్క, టెర్మినల్ లెక్క ఏకీభవిస్తేనే తెలుగు పంక్తి అంచు తిన్నగా నిలుస్తుంది.